మోకాలెత్తు గడ్డి

హటెరస్ దీవి,
అక్టోబరు, మంగళవారం మధ్యాహ్నం.

రోసీలియాకి,

ఇక్కడ నేను క్షేమం, కోళ్ళు క్షేమం, పక్కింటి మహేలా పెద్దమ్మ క్షేమం, ఆవిడ నోరు మరీ క్షేమం. అక్కడ నార్‌ఫోక్‌లో నువ్వూ, మీ అక్క ఎర్సీ, ఆవిడ కుట్టుమిషనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. జవాబుకి ఇన్నాళ్ళెందుకు పట్టిందని అడుగుతావు. కూర్చుంటే కదా రాయడానికి. రెండు ముక్కలు రాస్తాను, లేస్తాను, కిటికీ దగ్గరికి పోతాను, గాలి ఎటు తిరిగిందో చూస్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను, అంతలో టీ మీదికి మనసు పోతుంది. యోపాన్ ఆకు మరిగించి పెట్టుకుంటే అది చల్లారిపోయింది, దాన్ని మళ్ళీ వేడి చేశాను, మళ్ళీ చల్లారింది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఇప్పటికి రెండు కాగితాలు చింపేశాను. ఇది మూడోది, దీన్ని చింపనని ఒట్టు పెట్టుకున్నాను.

నెలాఖరుకి వచ్చేస్తున్నానని రాశావు. పెట్టె సర్దేశావట, ఎర్సీకి చెప్పేశావట, బస్సు ఏ పూట బయల్దేరుతుందో కూడా కనుక్కున్నావట. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్తే నవ్వుతావు. నువ్వు వెళ్ళి ఏడాదిన్నర కావస్తోంది. కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదివాక నువ్వు పెట్టె మళ్ళీ విప్పేస్తావేమో. అదే భయం. అందుకే చెయ్యి సాగడం లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి చెప్తాను. ఎర్ర కోడి మళ్ళీ గుడ్లు పెడుతోంది. బూడిదరంగుది పొదగడానికి కూర్చుంది, చలికాలం ముందర దానికి పిల్లలెందుకో అడిగితే వినదు. నా దగ్గు తగ్గింది, నువ్వు పంపిన మందు వల్ల కాదు, అది నోట్లో పోసుకోగానే నేనే ఇక దగ్గకూడదని నిర్ణయించుకున్నాను. అంజూరపు చెట్టు ఈసారి విరగకాసింది. మహేలా పెద్దమ్మ పాకం పట్టి సీసాల్లో పెట్టింది, నీకని నాలుగు సీసాలు దాచింది, నేను వాటివైపు చూస్తే గరిటె ఎత్తుతోంది. చేపలు పరవాలేదు. మల్లెట్ గుంపులు మొదలయ్యాయి, వలలు తడుస్తున్నాయి, అది చాలు.

ముందు గదిలో నేల కంత మూశావా అని అడిగావు. మూశాను. కొత్త చెక్క వేసి మేకులు కొట్టాను. పాత చెక్కల రంగు వేరు, దీని రంగు వేరు, చూసినవాడికి అక్కడ కంత ఉండేదని తెలిసిపోతుంది. ఆ విషయంలో నేనేం చెయ్యలేను. కిందటేడు మార్చి తుపానులో నీళ్ళు గడప దాటుతున్నప్పుడు గొడ్డలి తీసుకుని నేల పగలగొట్టినందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడటం లేదు. మన దీవిలో పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. సముద్రాన్ని లోపలికి రానివ్వకపోతే ఇల్లు పునాది వదిలేసి తేలిపోతుంది, లోపలున్న మనతో సహా. మీ నాన్నా చేశాడు, మా తాతా చేశాడు. కానీ నువ్వు అటక మీద కూర్చుని ఆ కంతలోంచి నల్లటి నీళ్ళు పొంగడం చూశావు. ఆ తర్వాత ఆ ఇంట్లో నీకు కన్ను మూతపడలేదు. ఇల్లు ఆరాక కూడా రాత్రుళ్ళు మంచం దిగి చేత్తో నేల తడిమి చూసుకునేదానివి. నేను పక్కనే పడుకుని నిద్ర నటించేవాణ్ణి.

మేలో రేవులో నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆల్ఫీ, ఆ ఇంటి ముందు మళ్ళీ దిబ్బ లేచి, దాని మీద గడ్డి నా మోకాలంత ఎత్తు పెరిగి, ఒక ఈశాన్యపు గాలికి నిలబడిన రోజున కబురు చెయ్యి. వస్తాను. అంతవరకు నన్ను పిలవకు, పిలిస్తే వచ్చేస్తాను, వచ్చి అక్కడ పిచ్చిదాన్నయిపోతాను."

నేను పిలవలేదు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

లేచి ఒక తిరుగుడు తిరిగి వచ్చాను. గాలి దక్షిణానికి మళ్ళింది. ఇక గడ్డి సంగతి రాయక తప్పదు.

కిందటి చలికాలంలో నాటామని నీకు రాశాను. కొంత రాశాను, కొంత రాయలేదు. పార్కు ఆఫీసు నుంచి వెండెల్ అని ఒక కుర్రాడు వచ్చాడు. గడ్డి చదువు చదివాడట, అలాంటి చదువు ఉందని మాకు అప్పుడే తెలిసింది. ఊరంతా వాణ్ణి గడ్డి మాస్టారు అంటారు, వాడు ఏమీ అనుకోకుండా సరేనంటాడు. చర్చి హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ముందు చెక్క పలకల దడి కట్టాలి, అది ఎగిరే ఇసుకని ఆపుతుంది. ఆగిన ఇసుకలో గడ్డి నాటాలి, చలికాలంలో, అది నిద్రలో ఉన్నప్పుడు. వసంతంలో లేచాక దానికి ఎరువు వెయ్యాలి.

ఎరువు అనగానే మహేలా పెద్దమ్మ లేచింది. "నాకు ఎనభై దాటాయి బాబూ. దిబ్బ మీది గడ్డికి అన్నం పెట్టమన్నవాణ్ణి నిన్నే చూస్తున్నాను. గడ్డి తిని మా మేకలు బతికాయి, మేకల్ని తిని మేం బతికాం."

"అందుకేనండీ పెద్దమ్మగారూ, ఇప్పుడు మీకు దిబ్బ లేదు" అన్నాడు వాడు.

హాలంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి వాడంటే ఆవిడకి ప్రాణం, పిలిచి మొక్కజొన్న రొట్టె పెడుతుంది.

ఇంటింటికీ రెండు బస్తాలు ఇచ్చాడు. తెల్లటి గుళికలు, ముతక ఉప్పులా ఉంటాయి. గుప్పెడు తీసుకుని నడుస్తూ పలచగా చల్లమన్నాడు. ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఒకసారి, ఎండలు తగ్గాక ఇంకోసారి. "ఇసుకలో ఏదీ నిలవదు, ఒక్క వానకి దిగిపోతుంది. అందుకే కొంచెం కొంచెంగా వెయ్యాలి. ఎక్కువ వేస్తే త్వరగా పెరుగుతుందని ఎవరూ తొందరపడకండి" అన్నాడు. అంటూ అందరి వైపూ చూశాడు. నన్నే చూశాడని నాకనిపించింది.

నేను బుద్ధిగానే ఉన్నాను. దడి కట్టాను. జనవరి చలిలో మోకాళ్ళ మీద కూర్చుని, పారతో ఇసుక చీల్చి, గడ్డి పిలకలు రెండేసి మూడేసి కలిపి మూరెడు దూరాన నాటుకుంటూ పోయాను. ఆ చివర మహేలా పెద్దమ్మ ఇంటి ముందు భాగం కూడా నేనే నాటాను, ఆవిడ వెనకే నిలబడి వంకర పోయిందని దెప్పుతూ ఉంది. ఏప్రిల్‌లో గుళికలు చల్లాను. పచ్చగా లేచింది. జూన్‌కి చీలమండ దాటింది. సంతోషంగా నీకు రాశాను. నువ్వు ఒక్క ముక్క రాశావు, "నేను మోకాలన్నాను" అని.

నీ తప్పేం లేదు. నువ్వన్నది మోకాలే. కానీ ఆ ముక్క చెవిలో జోరీగలా తిరిగింది. వల వేస్తున్నా మోకాలే, పడవ తుడుస్తున్నా మోకాలే. పొద్దున్నే లేచి దిబ్బ మీదికి పోయి గడ్డి పక్కన నిలబడేవాణ్ణి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏముంటుంది. వెండెల్‌ని అడిగాను, మోకాలు దాకా ఎప్పుడొస్తుందని. "ఎత్తు సంగతి వదిలెయ్యండి ఆల్ఫియస్ గారూ, ముందు వేరు దిగాలి. మూడేళ్ళు ఇవ్వండి" అన్నాడు. మూడేళ్ళు. పెళ్ళాం నార్‌ఫోక్‌లో ఉన్నవాడితో అనాల్సిన మాటేనా అది. వాడికింకా పెళ్ళి కాలేదు.

అప్పుడు నీ తమ్ముడు మాన్సన్ వచ్చాడు. వాణ్ణి తిట్టకు, చెడు తలపెట్టి చేసింది కాదు. బోఫర్ట్‌లో మెన్‌హేడెన్ చేపలు పట్టే పడవ మీద పని చేస్తున్నాడు కదా, ఫ్యాక్టరీలో నూనె తీసేశాక మిగిలిన చేపల పిండి బస్తాలు నాలుగు తెచ్చి పడేశాడు. "బావా, ఆ ఉప్పు గుళికలు ఆఫీసువాళ్ళకి వదిలెయ్. మా నాయనమ్మ తోటలో కొలార్డు ఆకుకూర దేంతో పెంచిందో మర్చిపోయావా? ఇది వేస్తే గుంజ కూడా చిగురేస్తుంది" అన్నాడు.

మర్చిపోలేదు. మన దీవిలో తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ చేప పడాల్సిందే కదా మొక్క మొదట్లో. మనకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఎరువు అదొక్కటే. అది తిన్న కొలార్డు ఆకులో మా అమ్మ నన్ను చుట్టి ఎండకి అడ్డం పెట్టేదట. గడ్డికి మాత్రం ఎందుకు పనికిరాదు అనుకున్నాను. వెండెల్‌కి చెప్పలేదు. మన ఇంటి ముందు దిబ్బ అంతటా ఒక్కో దుబ్బు మొదట్లో గుంట తీసి గుప్పెడు పెట్టి కప్పాను. మహేలా పెద్దమ్మ వైపు కూడా పెట్టబోతే "వద్దులే, నాకేం తొందర లేదు, నా మొగుడు ఎక్కడికీ పోలేదు, చర్చి వెనక పడుకునే ఉన్నాడు" అంది.

కంపు గురించి ఏం చెప్పను. ఆదివారం చర్చిలో నా బల్ల మీద నేనొక్కణ్ణే. ప్రార్థన చేయించే ఆయన కూడా తలుపు దగ్గర నిలబడి చేశాడు. కానీ గడ్డి చూడాలి, రోసీ. రెండు వానలు పడేసరికి నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ లేచింది. జూలైలో నా మోకాలు తాకింది. పక్కవాళ్ళ గడ్డి ఇంకా చీలమండ దగ్గరే ఉంది. నేను దిబ్బ మీద చొక్కా విప్పుకుని అటూ ఇటూ నడిచాను, అందరూ చూడాలని. నీకు ఆ పూటే రాశాను. ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధం లేదు. "ఎవరి మోకాలు, నీదా, కోడిదా? ఈశాన్యం వచ్చాక చెప్పు" అని రాశావు. ఆ జవాబు జేబులో పెట్టుకుని తిరిగాను. నువ్వు వేళాకోళం చేశావంటే మనసు కాస్త మెత్తబడిందని అర్థం.

తర్వాత పిల్లులు వచ్చాయి.

ముందు ఒక్కటి, ఆ తపాలా ఆఫీసు పిల్లి. తర్వాత ఊళ్ళో ఉన్నవన్నీ. తర్వాత కుక్కలు. మట్టిలో చేప ఉందని వాటికి తెలిసిపోయింది. ఇంటి తోటలో అయితే దడి ఉంటుంది, చీపురు పట్టుకుని మనం ఉంటాం, గంటలో తరిమేస్తాం. దిబ్బకి దడి ఇసుక కోసం కట్టాం కానీ కుక్కల కోసమా? చీకటిపడితే అడవి నుంచి రకూన్లు దిగేవి, పొద్దున్నే గల్ పక్షులు, పగలంతా తెల్ల పీతలు. దుబ్బు దుబ్బునా తవ్వాయి. నేను చీపురు, కర్ర, చివరికి పాత వల పట్టుకుని కాపలా కాశాను. ఇటు తరిమితే అటు తవ్వుతున్నాయి. ఊరంతా వచ్చి చూసి పోయింది. మహేలా పెద్దమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది.

వెండెల్ వచ్చాడు. ఒక దుబ్బు పట్టుకుని పైకి లాగాడు, తోటకూర మొక్కలా చేతిలోకి వచ్చేసింది. వేళ్ళన్నీ పైపైనే జానెడు లోతులో అల్లుకుని ఉన్నాయి. తర్వాత మహేలా పెద్దమ్మ వైపు పోయి అక్కడిది ఒకటి లాగాడు, రాలేదు. రెండు చేతులతో లాగాడు, ఆకు తెగింది కానీ దుబ్బు కదల్లేదు.

"తిండి పైనే పెట్టారు. కిందికెందుకు పోతుందండీ?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. వాడు నా కొడుకు వయసువాడు, మనకి కొడుకుంటే. గట్టిగా అరిచినా బాగుండేది. "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగాను.

"చలికాలం దాకా ఏమీ చెయ్యలేం. మళ్ళీ నాటాలి. ఈలోపల గాలి రాకుండా చూసుకోండి" అన్నాడు. ఆ చివరి ముక్క వేళాకోళమో కాదో ఇప్పటికీ తెలీదు.

తవ్విన గుంటల్లోకి గాలి దూరింది. ఒక గుంట పక్క గుంటతో కలిసింది, అవి రెండూ ఇంకోదానితో. ఆగస్టు చివరికి సరిగ్గా మన గుమ్మానికి ఎదురుగా దిబ్బలో ఒక గండి పడింది, అందులోంచి ఇంట్లో కూర్చునే సముద్రం కనిపించేది. నీకు నేను అప్పుడు రాసిన ఉత్తరాల్లో కోళ్ళ గురించే ఎక్కువ ఉంటుంది, చూడు.

సెప్టెంబరులో ఈశాన్యపు గాలివాన వచ్చింది. పగటిపూటే, భోజనాల వేళకి. దీవిలో అందరి దిబ్బలూ నిలిచాయి. చీలమండ ఎత్తు గడ్డి నిలబెట్టింది. మన గండిలోంచి మాత్రం నీళ్ళు లోపలికి దూకాయి. మన ఇల్లు కాస్త ఎత్తు మీద ఉంది కదా, మెట్లని తాకి పక్కకి తిరిగాయి. తిరిగి ఎక్కడికి పోయాయో నీకు తెలుసు. పల్లం ఎటుంది? మహేలా పెద్దమ్మ వంటింట్లోకి.

నేను వెళ్ళేసరికి ఆవిడ పొయ్యి పక్కన కుర్చీ మీద నిలబడి ఉంది. గౌను మోకాళ్ళ దాకా తడిసింది. నడుం లోతు నీళ్ళలో ఆవిడని వీపున వేసుకుని బయటికి తెచ్చాను. పిట్టంత బరువు లేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఒరే ఆల్ఫీ, నీళ్ళు కూడా చేపల కంపు కొడుతున్నాయి" అంది. నేను ఏడ్చాను, రోసీ. వానలో ఆవిడకి కనపడలేదులే అనుకున్నాను, కానీ ఆవిడ నా బుగ్గ తుడిచింది. పాకం సీసాలు పై అరలో ఉన్నాయి, అవి దక్కాయి. మిగతావి చాలా పోయాయి. గోడకున్న వాళ్ళాయన ఫోటో పోయింది. ఆవిడ దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు, అది నాకు మరీ కష్టంగా ఉంది.

ఆ వారంలోనే నీకు ఉత్తరం రాశాను. "ఈశాన్యం వచ్చింది, దిబ్బ నిలబడింది" అని రాశాను. అదే నువ్వు నమ్మింది. అదే చదివి పెట్టె సర్దుకున్నావు. ఒక రకంగా దిబ్బ నిలబడిన మాట నిజమే, అటు చివరా ఇటు చివరా నిలబడే ఉంది. రాసేటప్పుడు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. నువ్వు వచ్చేస్తే చాలు, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాను. నాకు అంతలా మతి పోయింది. నువ్వు లేకపోతే నాకు ఏమీ తోచడం లేదు, అది కూడా ఇంతకుముందు ఉత్తరాల్లో రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

శుక్రవారం నీ ఉత్తరం వచ్చినప్పుడు మహేలా పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది. మన ముందు గదిలోనే ఉంటోంది ఇప్పుడు, ఆవిడ నేల ఆరేదాకా.

"వస్తోందా?" అంది.

"నెలాఖరుకి."

"గడ్డి చూడ్డానికా?"

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"దిగగానే ముందు దిబ్బ చూస్తుంది. తర్వాత నీ మొహం చూస్తుంది. దేన్ని చూసి వెనక్కి తిరుగుతుందో నువ్వే తేల్చుకో" అంది.

శనివారం తెల్లారగానే రేవుకి పోయి మగాళ్ళతో చెప్పాను, ఇల్లు జరపాలని. ఎందుకని ఒక్కడూ అడగలేదు. మన దగ్గర ఎప్పుడడిగారు కనక. పన్నెండు గంటలకల్లా ఒడ్డుకి కొట్టుకొచ్చిన తెరచాప స్తంభాలు, కప్పీలు, తాళ్ళు, మాన్సన్ లారీ అన్నీ వచ్చాయి. మాన్సన్ నా కళ్ళలోకి చూడకుండా ఇద్దరు మనుషుల పని చేశాడు. ఇంటిని పైకెత్తి కింద దుంగలు దూర్చారు. వెనక మిగిలిన దుంగ తీసి ముందు వెయ్యడం, ఇంటిని ఇంకో అడుగు దొర్లించడం. ఆడవాళ్ళు బంగాళదుంపలు వేసి డ్రమ్ చేప పులుసు వండారు. మహేలా పెద్దమ్మ ఇంట్లోంచి దిగనంది. ఇల్లు కదులుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపుతూ కూర్చుంది. ఆదివారం పని ఆపి, సోమవారం మధ్యాహ్నానికి చేర్చారు.

ఎక్కడికో చెప్పలేదు కదూ. దీవికి వెనక, అలలు లేని నీళ్ళ వైపు, మిట్ట మీద, మీ అమ్మ ఇచ్చిన స్థలంలోకి. పెళ్ళయిన ఏడాది నుంచి నువ్వు అడుగుతున్నదే. సముద్రం కళ్ళబడకపోతే నాకు అన్నం సయించదని ప్రతిసారీ నీ నోరు మూయించాను. ఇందాకటి నుంచి లేచి కిటికీలోంచి చూస్తున్నానని రాశానే, ఇక్కడ చూడటానికి ఓక్ కొమ్మలు తప్ప ఏమీ లేవు. నిన్న రాత్రి అన్నం సయించింది. అది కూడా రాస్తున్నాను, నవ్వుకో.

డిసెంబరులో ఆ గండిలో మళ్ళీ నాటుతాను. మన ఇల్లు అక్కడ లేకపోతేనేం, మహేలా పెద్దమ్మ ఇల్లు ఉంది కదా. వెండెల్ పిలకలు ఇస్తానన్నాడు. ఈసారి గుళికలు తూచినట్టు చల్లుతాను, వాడు పక్కనే నిలబడతానన్నాడు, నా మీద నమ్మకం లేక. మూడేళ్ళు పట్టనీ.

కాబట్టి రోసీ, నువ్వు అడిగిన గడ్డి నా దగ్గర లేదు. మోకాలెత్తూ లేదు, చీలమండ ఎత్తూ లేదు. నేను రాసిన మాట అబద్ధం. ఇది తెలిసి రావాలనిపిస్తే రా. అబద్ధమాడినవాడి దగ్గరికి రానంటే ఎర్సీ దగ్గరే ఉండు, నేను నిన్ను తప్పుపట్టను, ఊళ్ళో ఎవర్నీ ఒక్క మాట అననివ్వను.

ఒక సంగతి మాత్రం నువ్వే చెప్పాలి. ఇల్లు ఇంకా దుంగల మీదే ఉంది. దించే ముందు, "ముఖం ఎటు తిప్పమంటావు?" అని అడిగారు. తూర్పుకి తిప్పితే చెట్ల సందులోంచి సముద్రం వినిపిస్తుంది, పడమటికి తిప్పితే వెనక నీళ్ళు కనిపిస్తాయి. అందరూ తాళ్ళు పట్టుకుని నా మొహం వైపు చూస్తున్నారు. "ఇంటామె ఊళ్ళో లేదు" అన్నాను. కింద పెట్టించకుండా అలాగే వదిలెయ్యమన్నాను. మెట్లు కూడా లేవు, నేనూ మహేలా పెద్దమ్మా పీపా మీద ఎక్కి లోపలికి పోతున్నాం. ఆవిడ ప్రతిసారీ నన్ను తిడుతోంది, కానీ ఎక్కుతోంది. వాళ్ళు ఈ శనివారం వస్తామన్నారు. నీ జవాబు రాకపోతే పై శనివారం వస్తారు. అప్పటికీ రాకపోతే ఆ పై శనివారం. ఎన్ని శనివారాలైనా ఆగుతారు, నేను అడిగాను.

రాకపోయినా సరే, గుమ్మం ఎటు పెట్టాలో మాత్రం రాయి.

ఇట్లు,
నీ మొగుడు
ఆల్ఫియస్